ఎటువైపు అట్ట

కర్నూలు పాతబస్తీలో, హంద్రీ వాసన వచ్చే సందులో
హుసేన్‌పీరా బైండింగ్ షాపు.
మైలుతుత్తం కలిపిన మైదా ఎప్పుడూ ఉడుకుతుంటుంది.
పార్సిల్‌లో వచ్చేసరికే వెన్ను విరిగిన నా మాంగా పుస్తకాన్ని
అక్కడికి తీసుకుపోయాను.
అప్పటికి చూసినవాళ్లంతా
వెనక అట్టనే ముందనుకున్నారు.
జిరాక్స్ షాపులో మా ఓనరు సుంకన్నైతే
"చివరి నించి అచ్చేసినారు, వాపసు పంపు" అన్నాడు.
పీరా అద్దాలు కూడా తుడుచుకోలేదు.
కుడి చేతి అట్ట ఎత్తి తెరిచాడు.
"మా ఉర్దూ కితాబులూ ఇట్లనే కదమ్మా."

నాకు తెలియనిది ఆయనే చూపించాడు:
పై జాకెట్ విప్పితే
లోపలి అట్ట మీద ఇంకో బొమ్మ.
పైన కత్తి దూసిన పిల్లే
లోపల అదే కత్తితో ఉల్లిగడ్డ తరుగుతోంది.
నడుముకొక కాగితం పట్టీ, పుస్తకానికి మొలతాడు.
"కట్టినోడు గట్టోడు" అని
కుట్ల మీద గోరు ఆడించాడు.

నాకూ ఒక కథ ఉంది. మూడేళ్లుగా రాత్రుళ్లు
చెడిపోయిన జిరాక్సుల వెనక వైపు గీసింది.
వరద తీసినా ఇళ్లు దొరకని ఊళ్లో
వీపు మీద తలుపు మోసుకుని తిరిగే పిల్ల.
ఏ గుమ్మానిదో తెలియని తలుపు.

మొదటి అట్ట తీసుకుపోయాను.
పెద్ద కళ్లు, కళ్లల్లో చంద్రుడు,
వెనక కొండారెడ్డి బురుజు, దాని మీద మెరుపు,
శత్రువులు ఏడుగురు, ఒక పిల్లి.
చాలాసేపు చూశాడు.
"అందరూ అట్ట మీదనే ఉంటే
లోపల ఎవరుండారు?"

రెండో దాంట్లో శత్రువుల్ని తీసేశాను.
మూడో దాంట్లో మెరుపు, బురుజు.
పిల్లిని తీయడానికి వారం పట్టింది.
నాలుగో దాంట్లో ఆ పిల్ల వీపూ తలుపూ మిగిలాయి.
ఆయన ఏమీ అనలేదు.
చెవి మీద పెన్సిలు ఉంచుకునే పెన్సిలు కోసం వెతికాడు.
తలుపు సంగతి అట్ట మీదే చెప్పేస్తున్నానని
ఇంటికొచ్చి పళ్లు తోముకుంటుంటే తట్టింది.

ఐదోసారి ఉత్త చేతులతో పోయాను.
షాపుకి సున్నం కొట్టిస్తున్నాడు.
గోడ పైన తెలుపు, కింద తెలుపు,
మధ్యలో వేలెడు వెడల్పున మట్టిరంగు గీత.
కుర్రాడు బ్రష్ ఎత్తి దాన్ని దాటిస్తున్నాడు,
నిద్రపోయేవాణ్ని దాటినట్టు.
వరదొచ్చిన ఏడు నీళ్లు నిలబడిన చోటు,
నా నెత్తికి జానెడు పైన.
ఆ గీత కింద స్కూలు రిజిస్టర్లు,
సగం కుట్టిన నిఖా దఫ్తర్లు, ఆయన భార్య ట్రంకుపెట్టె.
నాకాయన ఎప్పుడూ చెప్పలేదు.
ఆ సందులో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు.

ఐదో అట్ట మీద గీత ఒక్కటే గీశాను.
కుడి అంచున మొదలై, వెన్ను మీదుగా,
ఎడమ అట్ట చివరిదాకా, పెన్ను ఎత్తకుండా.
పైన ఏమీ లేదు.
కింద, బాగా అడుగున, తలుపు గొళ్లెం ఒకటి
చింతగింజంత.

"తెలుగేమో ఎడమ నించి పోతాది.
బొమ్మల్ని కుడి నించి నడిపినావు.
ముందు అట్ట ఏది మద్దిలేటమ్మా?
పేరు యాడ రాయాల?"
నిజంగానే నాకు తెలియదు.
మా అమ్మ ఎత్తితే ఒక వైపు తెరుచుకుంటుంది,
ఆయన ఎత్తితే ఇంకో వైపు.
ఒక అట్ట మీద పేరు గీతకు పైన రాశాను.
రెండో దాని మీద గీతకు కింద,
అక్షరాలు నాని ఉబ్బినట్టు.
సుంకన్న చూసి "ఇంకు అయిపాయనా?" అన్నాడు.

పీరా దారానికి మైనం రాశాడు.
పదహారు పేజీలకొక కుట్టు.
జిగురు పూసి, అట్ట తొడిగి,
బేతంచెర్ల బండ ఒకటి ఎత్తి పైన పెట్టాడు.
"రేపటిదాకా ముట్టొద్దు."

అక్కడే కూచున్నాను.
బండ కింద నించి జిగురు
సన్నటి గీతలా బయటికొచ్చింది.
వేలితో తుడవబోయి
ఆగాను.